పొయ్యితో పాటు లేచిన కిటికీ

తెలుగు ఇళ్లలో వంటింటి కిటికీ నేల నుంచి ఎంత ఎత్తులో మొదలవుతుందన్నది ఆ ఇల్లు కట్టిన రోజుల్లో వంట కూర్చుని చేసేవారా, నిలబడి చేసేవారా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇప్పుడు కట్టే ఇళ్లలో వంటగట్టు సాధారణంగా 32 నుంచి 34 అంగుళాల ఎత్తు ఉంటుంది. దాని వెనక గోడలో కిటికీ 40, 42 అంగుళాల దగ్గర మొదలవుతుంది. ఈ రెండు కొలతలకూ ముడి పడి ఎంతో కాలం కాలేదు. వంట నేల మీది నుంచి గట్టు మీదికి ఎక్కాకే, అంటే చాలా ఇళ్లలో గడిచిన యాభై అరవై ఏళ్లలోనే, ఆ అవసరం వచ్చింది. అంతకు ముందు వంటింట్లో గట్టే లేదు కనుక కిటికీని దేనికి సరిపెట్టాలన్న ప్రశ్నే పుట్టలేదు.

కోస్తా జిల్లాల మండువా లోగిళ్లలో వంటిల్లు వెనకవైపు, పెరటికీ బావికీ దగ్గరగా ఉండేది. తెలంగాణ పాత ఇళ్లలోనూ దాని చోటు ఇంచుమించు అదే. పొయ్యి మట్టితో వేసింది. ఎత్తు జానెడు మించదు. రోజూ అలికి ముగ్గు పెట్టేవారు. పెద్ద పొయ్యి మంట పక్కకు పాకేలా దాన్ని ఆనుకొని కోడిపొయ్యి ఉండేది. అన్నం పెద్ద పొయ్యి మీద ఉడుకుతుంటే చారు కోడిపొయ్యి మీద మరిగేది. ఓ మూల దాలిగుంటలో పిడకల సెగకు పాలకుండ ఎర్రగా కాగేది. పొయ్యి ముందు పీట, చేతికి అందేంత దూరంలో ఊదుగొట్టం. పనిముట్లూ నేలను బట్టి పుట్టినవే. కత్తిపీటను పాదంతో తొక్కిపట్టి కూర్చుంటే తప్ప కూర తరగలేరు. రుబ్బురోలు నేలలో పాతుకొని ఉంటుంది. తిరగలి ముందు కాలు చాపి కూర్చోవాలి. నిలబడి చేసే పని అంటే రోకలితో దంచడం ఒక్కటే. వడ్డన కూడా నేల మీదే, పీటల ముందు విస్తళ్లు వేసి. వండే ఎత్తు, తినే ఎత్తు ఒకటే కావడంతో గిన్నెను పొయ్యి మీది నుంచి దింపితే అదే మట్టంలో విస్తరి దగ్గరికి జరిగేది.

ఇలాంటి వంటింట్లో కిటికీ ఉంటే చిన్నదే. పొగ పోవడానికి పైకప్పు పెంకుల సందులు, గోడ పైభాగాన వదిలిన గవాక్షం, కొన్ని ఇళ్లలో కప్పు మీద లేపిన పొగగూడు ఉండేవి. ముందు గదుల సంగతి వేరు. అక్కడ ఊచల కిటికీలు నేలకు అడుగు, అడుగున్నర ఎత్తులోనే మొదలయ్యేవి. చాప మీద కూర్చున్నవారికి గాలి తగలాలన్నదే అందులో ఉద్దేశం. నేల మీద కూర్చున్న మనిషి కన్ను సుమారు 28, 30 అంగుళాల ఎత్తున ఉంటుంది. అడుగున్నర దగ్గర మొదలయ్యే కిటికీలోంచి వీధి మొత్తం కనిపిస్తుంది. అదే కిటికీ వంటింట్లో పెడితే గాలి నేరుగా పొయ్యి మీదికి కొట్టి మంట చెదురుతుంది, నిప్పురవ్వలు లేస్తాయి. మడి పాటించే ఇళ్లలో వంట పరాయివారి కంట పడకూడదన్న పట్టింపు కూడా ఉండేది. దాంతో ఇంట్లో ఆడవాళ్లు ఎక్కువసేపు గడిపే గదికే అన్నిటికన్నా తక్కువ వెలుతురు, ఎక్కువ పొగ మిగిలాయి. గాలి తగలాలన్న ఆలోచన చాప మీద కూర్చున్నవారి వరకే వెళ్లి, పీట మీద కూర్చున్నవారి దగ్గర ఆగిపోయింది. పాత ఇళ్ల అందాన్ని మెచ్చుకొనేటప్పుడు ఈ సంగతి మరవకూడదు.

పొగ సంగతిని ఇంజనీర్లు పట్టించుకొన్నది హైదరాబాదులో. అక్కడి ఇంజనీరింగ్ పరిశోధనశాలలో ఎస్.పి. రాజు పొగలేని పొయ్యి మీద పనిచేసి, దాని నిర్మాణాన్ని వివరిస్తూ 1953లో ఒక పుస్తకం వెలువరించారు. మట్టితోనే కట్టుకొనే ఆ పొయ్యికి ఒకదాని తర్వాత ఒకటిగా కళ్లు ఉంటాయి; చివర పొగగొట్టం గోడ పక్కన పైకి లేచి కప్పు దాటుతుంది. పరిశోధనశాల ఆంగ్ల పేరులోని పొడి అక్షరాలతో ‘హెర్ల్’ చుల్లాగా అది దేశమంతటా పేరు తెచ్చుకుంది. ఈ ప్రయత్నం గొప్పదే. అయితే అది వంట చేసే మనిషిని నేల మీదే ఉంచి, పొగను మాత్రం గొట్టంలోకి మళ్లించింది. పొగ గొట్టంలోంచి పోతే కిటికీ పెద్దది కావలసిన పనిలేదు.

నిలబడి పనిచేసే బల్ల, దాని మీద కిటికీ అన్న జంట అప్పటికే వేరే దేశాల్లో కుదురుకొని ఉంది. అమెరికాలో క్యాథరిన్ బీచర్, తన చెల్లెలు హారియెట్ బీచర్ స్టోతో కలిసి 1869లో ప్రచురించిన గృహనిర్వహణ గ్రంథంలో, ఓడలోని వంటగదిని ఆదర్శంగా తీసుకొని, వెలుతురు పడే చోట పనిబల్ల, దాని చుట్టూ పిండి పీపా, అరలు చేతికి అందేలా అమర్చి చూపింది. 1910ల్లో క్రిస్టీన్ ఫ్రెడరిక్ వంటపనిలో అడుగులు లెక్కపెట్టింది. బల్ల ఎత్తు పనిచేసే మనిషి ఎత్తును బట్టి ఉండాలని వాదించింది. జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ నగరపు కొత్త కాలనీల కోసం 1926లో మార్గరెటె ష్యూట్టె-లిహోట్స్కీ గీసిన వంటగది 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు ఉండేది. అందులో పనిబల్ల సరిగ్గా కిటికీ కిందే ఉంది. తరిగిన తొక్కలు నెట్టెయ్యడానికి బల్లలోనే చోటు ఉంది. కూర్చుని చెయ్యగల పనికి తిరిగే ఎత్తు స్టూలు ఉంది. సుమారు పదివేల ఇళ్లలో ఆ వంటగది వచ్చింది. కిటికీని గోడ అందం కోసం కాకుండా చేతుల పని కోసం పెట్టాలన్న ఆలోచన ఇంత స్పష్టంగా, ఇన్ని ఇళ్లలో ఒకేసారి అమలు కావడం పెద్ద సంగతి. తర్వాత అమెరికాలో బల్ల ఎత్తు 36 అంగుళాలకు స్థిరపడింది. మనిషిని బట్టి మారాలన్న ఫ్రెడరిక్ మాట అచ్చు ప్రకారం తయారయ్యే బీరువాల ముందు నిలవలేదు.

తెలుగు నేల మీద వంట నిలబడింది పుస్తకాలు చదివి కాదు, ఇంధనం మారడం వల్ల. మధ్యలో కుంపటి, పొట్టుపొయ్యి, వత్తుల స్టవ్వు, పంపు స్టవ్వు వచ్చాయి. ఇవన్నీ ఎక్కడికైనా తీసుకుపోగలిగేవి; చాలా ఇళ్లలో నేల మీదే కూర్చున్నాయి. కిరసనాయిలు స్టవ్వును బల్ల మీదికి ఎక్కించినవారూ ఉన్నారు. గ్యాసు మాత్రం అలా వదల్లేదు. 1955లో బొంబాయిలో బర్మా షెల్ సంస్థ బర్షేన్ పేరుతో వంటగ్యాసు అమ్మకం మొదలుపెట్టింది. 1965లో ఇండేన్ వచ్చింది. స్టవ్వు సిలిండరు కన్నా ఎత్తులో, మంట అంటుకోని గట్టు మీద ఉండాలనీ, సిలిండరును నిలువుగా నేల మీదే పెట్టాలనీ గ్యాసు కంపెనీలు మొదటి నుంచీ చెబుతున్నాయి. ఇళ్లలో వాడే 14.2 కిలోల సిలిండరు రెండడుగులకు పైన ఉంటుంది. దాని మీద రెగ్యులేటరు, దాన్ని తిప్పడానికి చెయ్యి పట్టే జాగా కలుపుకుంటే 30 అంగుళాల దగ్గరికి వస్తుంది. గట్టు కిందే సిలిండరు పెట్టే అలవాటు ఉన్న ఇళ్లలో గట్టు అంతకన్నా కిందికి రావడానికి వీల్లేదు. వంటగట్టు ఎత్తుకు కనీస హద్దు గీసింది సిలిండరే.

గట్టు మీద పరచడానికి రాయి ఇక్కడే పుష్కలంగా దొరికింది. నల్లటి కడప బండ, తాండూరు, బేతంచర్ల నాపరాళ్లు పలకలుగా విడివడే రకాలు. రెండు మూడు చోట్ల నాలుగున్నర అంగుళాల ఇటుక గోడలు లేపి, వాటి మీద రెండడుగుల వెడల్పు బండ పరిస్తే గట్టు అయిపోయేది. కడప బండ మద్రాసు, బొంబాయి వంటిళ్లకూ వెళ్లింది. తర్వాత గట్టును కాంక్రీటు పలకగా పోసి పైన గ్రానైట్ అతికించడం వచ్చింది. ప్రకాశం జిల్లా చీమకుర్తి నల్ల గ్రానైట్, కరీంనగర్ గోధుమరంగు గ్రానైట్ వంటిళ్లలో కనిపించసాగాయి. గట్టు స్థిరపడ్డాక పనిముట్లు ఒక్కొక్కటే పైకెక్కాయి. రుబ్బురోలు స్థానంలో గ్రైండరు, సన్నికల్లు స్థానంలో మిక్సీ, కత్తిపీట స్థానంలో చాకూ, చెక్క పలక వచ్చాయి. రోళ్లు పెరట్లోకి, మెట్ల కిందికి చేరాయి.

గట్టు ఎత్తు పాశ్చాత్యుల 36 అంగుళాల దగ్గర కాకుండా 32, 33 దగ్గర ఆగడానికి తగిన కారణం ఉంది. భారతీయ స్త్రీల సగటు ఎత్తు 152 సెంటీమీటర్లు, అంటే అయిదడుగులు. అంత ఎత్తున్న మనిషి నిలబడి మోచెయ్యి మడిస్తే అది నేల నుంచి 37 అంగుళాల అటూ ఇటూగా వస్తుంది. తరగడానికీ కలపడానికీ బల్ల మోచేతికి మూడు నాలుగు అంగుళాలు కింద ఉంటే భుజాలు నొప్పి పుట్టవు. పైగా ఇక్కడి స్టవ్వు గట్టులో ఇమిడి ఉండదు, గట్టు మీద నాలుగైదు అంగుళాల ఎత్తున కూర్చుంటుంది. దాని మీద కుక్కరు పెడితే మూత తియ్యడానికి చెయ్యి ఎత్తాలి. అందుకే కొందరు స్టవ్వు పెట్టే భాగాన్ని రెండు మూడు అంగుళాలు దించి కట్టించుకొంటారు. ఇది మంచి పద్ధతి. నలుగురైదుగురికి రెండు పూటలా వండే చోట ఆ రెండంగుళాలే భుజాన్ని కాపాడతాయి.

గట్టు ఎత్తు తేలాక కిటికీ లెక్క మొదలవుతుంది. కిటికీ అడుగుమట్టాన్ని మేస్త్రులు సిల్ లెవెల్ అంటారు. తలుపులకూ కిటికీలకూ పైమట్టం ఇంటంతా ఒకటే ఉంటుంది. ఎక్కువగా ఏడడుగుల దగ్గర లింటల్ పోస్తారు. గదుల్లో సిల్ రెండున్నర నుంచి మూడడుగులు. గట్లు లేని రోజుల్లో కట్టిన మేడల్లో వంటింటికీ అదే కొలత పెట్టారు. తర్వాత గ్యాసు వచ్చి గట్టు కట్టినప్పుడు బండ సరిగ్గా కిటికీకి అడ్డం పడింది. అరవైలు, డెబ్భైల నాటి ఇళ్లలో వంటగట్టు కిటికీ రెక్కల ముందు నుంచి సాగిపోవడం, కింది ఊచలు బండ వెనక దాగిపోవడం చాలాచోట్ల కనిపిస్తుంది. అంటే ఆ గోడ వంట నేల మీద ఉండగా లేచింది, గట్టు తర్వాత వచ్చింది.

కొత్త ఇళ్లలో కూడా ఇదే తప్పు జరుగుతుంటుంది. గోడ కట్టేటప్పుడు మేస్త్రి లెవెల్ ట్యూబులో నీళ్లు చూసుకొని కొలత పెడతాడు. కొలత ఎక్కడి నుంచి అన్నదే ప్రశ్న. పునాది మీద పోసే ప్లింత్ బీము నుంచి 36 అంగుళాలు కొలిచి సిల్ కట్టాడనుకుందాం. తర్వాత ఆ బీము మీదికి కాంక్రీటు, సిమెంటు పరుపు, టైలు లేదా బండ కలిసి మూడు నాలుగు అంగుళాలు పడుతుంది. అడుగు పెట్టే నేల నుంచి చూస్తే సిల్ ఇక 32, 33 అంగుళాలే. వంటగట్టును మాత్రం పూర్తయిన నేల నుంచే కొలుస్తారు: 33 అంగుళాలు, గ్రానైట్ మందంతో కలిపి 34. కాగితం మీద సిల్ గట్టుకు పైనే ఉంది. గోడలో అది గట్టుకు కిందికి పోయింది. మరో చిక్కు ఇటుక వరసల వల్ల వస్తుంది. మూడంగుళాల మందం ఇటుకకు సున్నమో సిమెంటో కలిపితే వరస మూడున్నర అంగుళాలు అవుతుంది. పది వరసలకు 35, పన్నెండు వరసలకు 42. మధ్యలో ఏ కొలత కావాలన్నా ఇటుక కొట్టాలి, లేదా సన్నటి కాంక్రీటు పట్టీ పొయ్యాలి. వంటింటి కిటికీ 42 దగ్గర కుదరడానికి ఈ పన్నెండు వరసల లెక్క కూడా ఒక కారణమే.

గట్టుకూ సిల్‌కూ మధ్య సంబంధం మూడు రకాలుగా ఉండవచ్చు. సిల్ కిందికి ఉంటే గట్టు వెనక సందు ఏర్పడుతుంది. గిన్నెలు కడిగిన నీళ్లు అందులోకి దిగి చెక్క చౌకట్టు అడుగు పుచ్చిపోతుంది. బొద్దింకలకు అది స్థిరనివాసం. దీనికి విరుగుడు ఒక్కటే: కింది భాగాన్ని ఇటుకతో మూసి, చౌకట్టు కోసి పొట్టి చెయ్యడం. రెండూ సమంగా ఉంటే గ్రానైట్‌ను గోడ మందంలోకి కూడా పరవవచ్చు. తొమ్మిదంగుళాల గోడలో కిటికీ లోపలి వైపు నాలుగైదు అంగుళాల అర దొరుకుతుంది. ఉప్పు జాడీ, నూనె గిన్నె అక్కడ పడతాయి. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. అయితే గాలివానలో జల్లు నేరుగా గట్టు మీదికి వస్తుంది. కుళాయి కిటికీ ముందు వస్తే లోపలికి తెరుచుకొనే రెక్క దానికి తగులుతుంది. అందుకే సిల్ ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు పైకి ఉండడం ఎక్కువ ఇళ్లలో నిలదొక్కుకుంది. ఆ మధ్య గోడకు టైలు అతికిస్తే చిందిన నీరు తుడిస్తే పోతుంది. కుళాయికి గోడ దొరుకుతుంది. అయిదడుగుల మనిషి కన్ను 56 అంగుళాల దగ్గర ఉంటుంది కనుక 42 దగ్గర మొదలైన కిటికీలోంచి పెరడూ గేటూ హాయిగా కనిపిస్తాయి.

సిల్ పైకి లేస్తే కిటికీ పొట్టి అవుతుందన్నది చాలామంది చూసుకోని విషయం. 1970లో మొదటిసారి వచ్చి, 1983, 2005, 2016లలో మార్పులు పొందిన జాతీయ భవన నిర్మాణ నియమావళి, వంటగదికి బయటి గాలిలోకి తెరుచుకొనే కిటికీ ఒక చదరపు మీటరుకు తగ్గకుండా ఉండాలంటుంది. లింటల్ 84 అంగుళాల దగ్గర, సిల్ 42 దగ్గర ఉంటే కిటికీ ఎత్తు మూడున్నర అడుగులే. వెడల్పు మూడడుగులు పెడితే పదిన్నర చదరపు అడుగులు. చదరపు మీటరుకు అది కొద్దిగా తక్కువ. కిటికీ వెడల్పు మూడడుగులు దాటాలి. గదుల్లో వాడిన కిటికీ కొలతనే తెచ్చి అడుగు భాగం కోసి వంటింట్లో బిగిస్తే ఆ మేరకు వెలుతురు తగ్గిపోతుంది. సిల్ ఎంత లేపారో ఆ నష్టాన్ని వెడల్పులో పూడ్చాలి.

వాస్తు పట్టింపు కిటికీ చోటును చాలావరకు ముందే నిర్ణయించింది. వంటిల్లు ఆగ్నేయంలో, వండేవారి ముఖం తూర్పుకు ఉండాలంటారు. అంటే గట్టు తూర్పు గోడకు వస్తుంది, కిటికీ దాని మీద పడుతుంది. ఉదయపు వంట సమయానికి ఎండ గట్టు మీదికి వస్తుంది. ఇది నిజంగా పనికొచ్చే ఏర్పాటు. ఒక ఇబ్బంది మాత్రం ఉంది. కిటికీ గాలికి స్టవ్వు ఆరిపోయి గ్యాసు బయటికి వస్తుంది కనుక కిటికీకి ఎదురుగా స్టవ్వు పెట్టవద్దని గ్యాసు కంపెనీల సూచన. దీంతో తూర్పు గోడలోనే కిటికీని ఒక పక్కకు జరిపి, దాని కింద తరిగే చోటో సింకో పెట్టి, స్టవ్వును మూసిన గోడ ముందు ఉంచడం వాడుకలోకి వచ్చింది. వంటగ్యాసు గాలి కన్నా బరువు. లీకైతే నేల మీదే పేరుకుంటుంది. 42 అంగుళాల ఎత్తున ఉన్న కిటికీ తెరిచినా అది పూర్తిగా బయటికి పోదు. గట్టు కింద, బయటి గోడ అడుగున ఒక జాలీ ఉండి తీరాలి. కిటికీ ఎత్తు గురించి ఇంత ఆలోచించే ఇళ్లలో కూడా ఈ జాలీని మరచిపోవడం బాధాకరం.

పల్లెల్లో ఈ మార్పు ఆలస్యంగా, వేరే వరసలో వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో మొదలైన దీపం పథకం పేదింటి మహిళలకు గ్యాసు కనెక్షన్లు ఇప్పించింది. 2016లో కేంద్రం ఉజ్వల పథకం తెచ్చింది. స్టవ్వు ముందు వచ్చింది, గట్టు లేదు. చాలా ఇళ్లలో దాన్ని స్టూలు మీదో, ఇటుకల మీద వేసిన నాపరాయి మీదో పెట్టుకొన్నారు. నేల మీదే పెట్టి కూర్చుని వండినవారికి సిలిండరు స్టవ్వు కన్నా ఎత్తున నిలిచింది. కిటికీ ఉన్న చోటే ఉంది. ఒంటిగది ఇంట్లో గట్టు కట్టుకొనే స్తోమత వచ్చాక కూడా గోడ పగలగొట్టి కిటికీ మార్చడం ఖర్చుతో కూడిన పని. అందుకే అక్కడ వెలుతురు తలుపు నుంచే వస్తుంది. గట్టు తలుపు పక్కనే కడతారు.

నగరాల్లో అపార్టుమెంట్లు వచ్చాక వంటింటి కిటికీ నేరుగా బయటికి తెరుచుకోవడం తగ్గింది. గట్టు వెనక గోడ అవతల యుటిలిటీ అనే సన్నటి వసారా ఉంటుంది. కిటికీ దానిలోకి తెరుచుకుంటుంది, లేదా గొట్టాలు దిగే డక్టులోకి. పొగకు ఎగ్జాస్ట్ ఫ్యాను, చిమ్నీ ఉన్నాయి కనుక కిటికీ పని వెలుతురుకే పరిమితమైంది; పైబీరువాలు వచ్చి ఆ కాస్త గోడనూ ఆక్రమిస్తున్నాయి. కొలత ఇచ్చి చేయించే మాడ్యులర్ బీరువాల వల్ల ఒక మేలు జరిగింది. గట్టు ఎత్తు, టైలు పట్టీ, సిల్, కుళాయి, ప్లగ్గు పాయింట్లు అన్నీ పూర్తయిన నేల నుంచి లెక్కగట్టి ముందే గీస్తున్నారు. యుటిలిటీలో మాత్రం గిన్నెలు కూర్చుని తోముకొనే చోటు నేలకు ఆరంగుళాల ఎత్తు పిట్టగోడతో ఇంకా కడుతున్నారు. దాని ముందు కిటికీ ఉండదు. నడుము ఎత్తు నుంచి పైకప్పు దాకా ఇనుప గ్రిల్లు పెడతారు.